కుర్ర రేసర్‌లో సరుకెంత?

2019 ఫార్ములా వన్ సీజన్ ముగిసేసరికి పాయింట్ల పట్టికలో అట్టడుగున, ఇరవయ్యో స్థానంలో ఉన్న పేరు జార్జి రస్సెల్. 21 రేసులు నడిపితే ఒక్క పాయింటూ రాలేదు. అదే విలియమ్స్ జట్టులో అలాంటి కారే నడిపిన రాబర్ట్ కుబిట్సాకు కనీసం ఒక పాయింటు దక్కింది. పట్టిక ఒక్కటే చూసేవారు ఆ ఇంగ్లండ్ కుర్రాణ్ని ఇంటికి పంపెయ్యమంటారు. కానీ రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చేందుకు ఆ ఏడాది జరిగిన 21 క్వాలిఫైయింగ్ పోటీల్లోనూ కుబిట్సా కంటే రస్సెలే వేగంగా ల్యాప్ పూర్తి చేశాడు. 2022లో అతను మెర్సిడెస్ జట్టుకు వెళ్లి, ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన లూయిస్ హామిల్టన్‌కు జోడీ డ్రైవరయ్యాడు. ఆ సీజన్ చివర రస్సెల్‌కు 275 పాయింట్లు, హామిల్టన్‌కు 240.

పాయింట్ల పట్టికకూ అసలు సత్తాకూ మధ్య ఇంత దూరం ఉండటం వల్లే యువ డ్రైవరును అంచనా కట్టడం ఒక ప్రత్యేక విద్య అయింది. రేసులో గెలుపు కారుది ఎంత, మనిషిది ఎంత అని విడదీయడం అందులో మొదటి పని. ఫార్ములా వన్‌లో ముందు వరుస కారుకూ వెనక వరుస కారుకూ ల్యాప్‌కు సెకను, ఒక్కోసారి రెండు సెకన్ల తేడా ఉంటుంది. మంచి డ్రైవరుకూ గొప్ప డ్రైవరుకూ మధ్య తేడా మహా అయితే సెకనులో రెండు మూడు పదో వంతులు. చిన్న తేడా పెద్ద తేడా కింద పడి నలిగిపోతుంది. అందుకే పరుగు పందెంలో లాగా ముందొచ్చినవాడు మొనగాడు అనుకుంటే ఇక్కడ కుదరదు.

దీనికి భారతీయ అభిమానులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి 2005లో ఉంది. ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ ఆ ఏడాది జూన్ 19న ఇండియానాపొలిస్‌లో జోర్డాన్ కారుతో నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు గెలిచాడు. ఆ రోజు మిషెలిన్ టైర్లు వాడే జట్లన్నీ భద్రత కారణంగా తప్పుకున్నాయి. గ్రిడ్ మీద మిగిలినవి ఆరే కార్లు. జోర్డాన్‌లో కార్తికేయన్ జోడీదారు తియాగో మోంటీరో మూడో స్థానంలో వచ్చాడు. ఆ 5 పాయింట్లు రికార్డుల్లో ఎప్పటికీ ఉంటాయి. కార్తికేయన్ వేగం గురించి మాత్రం అవి చెప్పేది చాలా తక్కువ. అతను అంతకుముందే 1996లో ఫార్ములా ఏషియా చాంపియన్‌షిప్ గెలిచిన తొలి భారతీయుడు. అతని విలువ తెలియాలంటే ఆ గెలుపు దగ్గర మొదలుపెట్టాలి, ఇండియానాపొలిస్ దగ్గర కాదు.

కొలబద్దను కూడా కొలవాలి

కారు ప్రభావాన్ని తీసేసే సులువైన ఉపాయం ఒకటే. అదే జట్టులో, అలాంటి కారే, అదే రోజు నడిపిన జోడీ డ్రైవరుతో పోల్చడం. రేసింగ్‌వాళ్ల మాటల్లో టీమ్‌మేట్. ప్రతి డ్రైవరుకూ మొదట ఓడించాల్సిన మనిషి అతనే. క్వాలిఫైయింగ్ ల్యాపుల్లో ఇద్దరి మధ్య తేడాను సీజన్ పొడుగునా రాసుకుంటూ పోయి, వానవల్లో యంత్రం చెడిపోవడంవల్లో వంకర వచ్చిన రోజులను పక్కనపెట్టి, మధ్యలో ఉండే విలువను చూస్తారు. సగటు తీస్తే ఒక్క చెడ్డ రోజు మొత్తం లెక్కను పాడుచేస్తుంది.

ఉపాయం సులువే గానీ అందులో ఒక మెలిక ఉంది. జోడీ డ్రైవరు ఎంతటివాడో తెలియకపోతే అతణ్ని గెలిచినా ఆ గెలుపు విలువ తెలియదు. రస్సెల్ 21కి 21 గెలిచినప్పుడు అనుమానపడినవారు ఊరికే అనుమానపడలేదు. కుబిట్సా 2011లో ఇటలీలో ర్యాలీ ప్రమాదంలో కుడి చేతికి తీవ్రంగా గాయమై, ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చినవాడు. ఒకప్పుడు మేటి డ్రైవరే అయినా 2019 నాటికి అతను ఎంత వేగంగా ఉన్నాడో ఎవరూ కచ్చితంగా చెప్పలేని స్థితి.

ఆ సందేహం 2020 డిసెంబరులో తీరింది. హామిల్టన్‌కు కోవిడ్ సోకడంతో బహ్రెయిన్‌లో సఖీర్ గ్రాండ్‌ప్రికి మెర్సిడెస్ రస్సెల్‌ను అరువు తెచ్చుకుంది. అతను పొడగరి. హామిల్టన్ కొలతలకు తయారైన కారులో కాళ్లు పట్టక ఒక సైజు చిన్న బూట్లు వేసుకుని నడపాల్సి వచ్చింది. ఆ కారును అంతకుముందు రేసులో నడిపింది లేదు. అయినా క్వాలిఫైయింగ్‌లో వాల్తెరి బొటాస్ కంటే 0.026 సెకను మాత్రమే వెనకబడ్డాడు. రేసులో బొటాస్‌ను దాటి ఆధిక్యంలోకి వెళ్లాడు. టైర్లు మార్చేటప్పుడు జట్టు చేసిన పొరపాటు, ఆ తర్వాత పంక్చరు కలిసి అతణ్ని తొమ్మిదో స్థానానికి నెట్టకపోతే గెలిచే రేసు అది.

ఇక్కడ అసలు విషయం బొటాస్. అప్పటికి నాలుగేళ్లుగా బొటాస్, హామిల్టన్ ఒకే జట్టులో ఉన్నారు. ఇద్దరి మధ్య తేడా ఎంతో మెర్సిడెస్ ఇంజనీర్ల దగ్గర వేల ల్యాపుల లెక్క ఉంది. బొటాస్ అంటే అప్పటికే కొలత తెలిసిన మనిషి. అతని పక్కన పెట్టగానే రస్సెల్ కొలతా తెలిసిపోయింది.

సరిగ్గా ఎదురు కథ స్టోఫెల్ వాండూర్న్‌ది. ఈ బెల్జియం డ్రైవరు 2015లో జీపీ2 చాంపియన్‌షిప్‌ను (ఇప్పటి ఫార్ములా 2కు అది పాత పేరు) ఎదురులేకుండా గెలిచాడు. ఆ దశలో అతణ్ని చూసినవారెవరూ ఇతను పైకి రాడని అనలేదు. మెక్‌లారెన్‌లో అతనికి జోడీగా దొరికింది ఫెర్నాండో అలోన్సో. 2018లో 21 క్వాలిఫైయింగ్‌లలోనూ అలోన్సోదే పైచేయి. మళ్లీ అదే అంకె, 21కి 21, ఈసారి తిరగబడి. ఆ సీజన్‌తో వాండూర్న్ ఫార్ములా వన్ ప్రస్థానం ముగిసింది. అతను చేతకానివాడా అంటే కాదు. 2022లో విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఇలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మెక్‌లారెన్ కారు అప్పట్లో అంతంత మాత్రం, జట్టు మొత్తం అలోన్సో చుట్టూ తిరిగేది. ఇలాంటప్పుడు ఎంత భాగం జట్టుది, ఎంత మనిషిది అనేది తేల్చకుండానే తీర్పు ఇచ్చేస్తారు. ఈ రంగంలో జరిగే అన్యాయాల్లో ఇది మామూలుది.

మెట్ల మీద మన కుర్రాళ్లు

ఫార్ములా వన్ దాకా వెళ్లే మెట్లు దాదాపు అందరికీ ఒకటే. ఏడెనిమిదేళ్లకు కార్టింగ్. పదిహేనేళ్లకు ఫార్ములా 4. తర్వాత ప్రాంతీయ ఫార్ములా పోటీలు, ఫార్ములా 3, ఫార్ములా 2. ఫార్ములా వన్‌లో నడపాలంటే కావలసిన సూపర్ లైసెన్సుకు మూడు సీజన్లలో 40 పాయింట్లు కూడబెట్టాలి, మామూలుగా 18 ఏళ్లు నిండాలి. ఫార్ములా 2లో మొదటి మూడు స్థానాల్లో ఒకటి వస్తే చాలు, ఆ 40 ఒక్కసారే వచ్చేస్తాయి. 17 ఏళ్లకే మ్యాక్స్ వెర్‌స్టాపెన్ 2015లో బరిలోకి దిగాక ఈ వయసు నియమం పెట్టారు. 2024 నుంచి అరుదైన సందర్భాల్లో 17 ఏళ్లవారికీ సడలింపు ఉంది.

ఫార్ములా 3, ఫార్ములా 2లలో అన్ని జట్లకూ ఒకే కంపెనీ కారు, ఒకే ఇంజను, ఒకే టైర్లు. కాబట్టి అక్కడ ఫలితమే ప్రతిభ అనుకోవడం సహజం. అది కూడా సగమే నిజమని చెప్పడానికి ముంబై కుర్రాడు జెహాన్ దారూవాలా కథ చాలు. 2019 ఫార్ములా 3లో అతను మూడో స్థానంలో నిలిచాడు. మొదటి రెండు స్థానాల్లో ఉన్నదీ అతని ప్రేమా జట్టువాళ్లే. ఒకే జట్టు ముగ్గురూ మొదటి మూడు స్థానాల్లో ఉన్నారంటే కార్లు ఒకటే అయినా వాటిని సిద్ధం చేసే చేతులు ఒకటి కాదని అర్థం. అదే పోటీలో జపాన్ కుర్రాడు యుకీ సునోడా ఇంకో జట్టు నుంచి తొమ్మిదో స్థానంలో వచ్చాడు.

మరుసటి ఏడాది ఇద్దరూ ఫార్ములా 2లో కార్లిన్ జట్టులో జోడీ అయ్యారు. ఇద్దరికీ అది తొలి సీజనే. పోలికకు ఇంతకన్నా చక్కని ఏర్పాటు దొరకదు. సీజన్ చివర సునోడా మూడో స్థానం, దారూవాలా పన్నెండో స్థానం. సునోడా 2021లో ఫార్ములా వన్‌లో ఉన్నాడు. దారూవాలాలో వేగం లేదని దీని అర్థం కాదు. సఖీర్‌లో రస్సెల్ మెర్సిడెస్ నడిపిన ఆ వారాంతంలోనే, అదే ట్రాక్ మీద, ఫార్ములా 2 రేసు గెలిచిన తొలి భారతీయుడయ్యాడు. 2022లో మెక్‌లారెన్ ఫార్ములా వన్ కారును పరీక్షగా నడిపాడు కూడా. కానీ కొలత తీసుకునే సమయంలో పక్కన ఎవరున్నారు అన్నదే అతని దారి మార్చింది.

బెంగళూరుకు చెందిన కుష్ మైనికి 2024లో ఇంకా గట్టి కొలబద్ద ఎదురైంది. ఇన్విక్టా జట్టులో అతని జోడీ బ్రెజిల్ యువకుడు గాబ్రియెల్ బొర్తొలెటో. మైనికి అది ఫార్ములా 2లో రెండో ఏడాది, బొర్తొలెటోకు మొదటిది. ముందటి ఏడాదే తొలి ప్రయత్నంలో ఫార్ములా 3 గెలిచిన బొర్తొలెటో ఇక్కడా తొలి ప్రయత్నంలోనే చాంపియన్ అయ్యాడు. మైని 2025లో మొనాకోలో ఫార్ములా 2 స్ప్రింట్ రేసు (వారాంతంలో జరిగే చిన్న రేసు) గెలిచాడు, ఆల్పీన్ ఫార్ములా వన్ జట్టుకు రిజర్వు డ్రైవరుగా పనిచేశాడు. ప్రపంచంలో మొదటి నలభై యాభై మంది కుర్ర డ్రైవర్లలో అతనొకడనడంలో సందేహం అక్కర్లేదు. అయితే 2026లో ఫార్ములా వన్ సీట్లు 22. వాటిలో గెలిచే కార్ల సీట్లు ఎనిమిదికి మించవు.

పళ్లు చూసి లెక్క

వయసును, అనుభవాన్ని కలపకుండా చూసే ఫలితానికి అర్థం లేదు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు జాతరల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది కొత్త సంగతేం కాదు. అక్కడ ఎద్దులను పళ్లనుబట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు, ఆరు పళ్లవి వేరు, ఆపైన సీనియర్లు. రెండు పళ్ల గిత్తలు లాగిన అడుగులను సీనియర్ జత లాగిన అడుగుల పక్కన పెట్టి ఎవరూ పెదవి విరవరు. కానీ నాలుగేళ్ల తర్వాత సీనియర్ విభాగంలో ఎవరు గెలుస్తారో తెలుసుకోవాలనుకునే రైతు చూసేది ఆ రెండు పళ్ల గిత్తలనే.

రేసింగ్‌లో ఈ పళ్ల లెక్క రెండు రకాలుగా వేస్తారు. ఒకటి పుట్టిన తేదీ. రెండోది, అంతకన్నా ముఖ్యమైనది, కారులో గడిపిన రోజులు. మూడో ఏడాది ఫార్ములా 2 గెలిచినవాడి ట్రోఫీకి అగ్ర జట్లు పెద్దగా విలువ ఇవ్వవు. తొలి ఏడాది నాలుగో స్థానంలో వచ్చినవాడి వెంట పడతాయి.

2014లో యూరప్ ఫార్ములా 3 చాంపియన్ ఎస్టెబాన్ ఒకాన్. మూడో స్థానంలో వచ్చినవాడు వెర్‌స్టాపెన్. కానీ వెర్‌స్టాపెన్‌కు కార్టింగ్ దాటి కార్లలో అదే తొలి పూర్తి సీజన్, అందులో అతను 10 రేసులు గెలిచాడు. సీజన్ ముగియకముందే, ఆగస్టులో, రెడ్‌బుల్ అతణ్ని సొంతం చేసుకుంది. కిమీ రైకోనెన్‌ది ఇంకా విడ్డూరం. 2001లో సౌబర్ జట్టు అతణ్ని తీసుకునేటప్పటికి అతను కార్లలో పోటీ చేసినవి 23 రేసులే. లైసెన్సు ఇవ్వాలా వద్దా అని పెద్ద గొడవే జరిగింది. చివరికి షరతుల మీద ఇచ్చారు. తొలి రేసులోనే ఆరో స్థానంలో వచ్చి పాయింటు సాధించాడు. ఏడాది తిరిగేసరికి మెక్‌లారెన్ తీసుకుపోయింది. 23 రేసులకు ఇంత వేగమైతే 100 రేసులకు ఎంత ఉంటుంది? ఆ జట్లు డబ్బు పెట్టింది ఈ ప్రశ్న మీదే.

ఇందులో మోసపోయే వీలూ ఉంది. డబ్బున్న ఇంటి పిల్లవాడు పోటీలు లేని రోజుల్లో పాత కార్లు అద్దెకు తీసుకుని వేల కిలోమీటర్లు సాధన చేస్తాడు. రికార్డుల్లో అది ఎక్కడా కనబడదు. అధికారికంగా అతనూ తొలి ఏడాది కుర్రాడే. నిజంగా తొలిసారి ఆ ట్రాక్ చూస్తున్న పేదింటి కుర్రాడికి, ఇతనికి మధ్య తేడాను పట్టుకోవాలంటే సాధనగా నడిపిన లెక్క కూడా అడిగి తెలుసుకోవాలి. కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే అకాడమీలు నడిపే జట్లు అడుగుతాయి. మిగతావారికి ఆ ఓపిక తక్కువ.

గీతల్లో కనిపించే మనిషి

ల్యాప్ టైము ఎంత తేడా ఉందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. ఆ ఎందుకు అనేది టెలిమెట్రీలో దొరుకుతుంది. కారులోని సెన్సార్లు బ్రేకు మీద ఎంత ఒత్తిడి పడింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, స్టీరింగ్ ఎంత తిప్పారు, వేగం ఎంత అన్నది సెకనుకు అనేకసార్లు నమోదు చేస్తాయి. ఇద్దరు డ్రైవర్ల గీతలను ఒకదాని మీద ఒకటి పరిచి చూస్తే సమయం ఎక్కడ పోయిందో మలుపు మలుపుకీ తెలుస్తుంది.

అనుభవమున్న ఇంజనీరు మొదట చూసేది బ్రేకు గీత. వేగంగా వెళ్లేటప్పుడు గాలి కారును నేలకు నొక్కి పెడుతుంది కాబట్టి టైర్లకు పట్టు ఎక్కువ. వేగం తగ్గేకొద్దీ ఆ పట్టు తగ్గుతుంది. అందువల్ల మంచి డ్రైవరు మొదటి క్షణంలోనే పూర్తి బలంతో బ్రేకు తొక్కి, తర్వాత మలుపులోకి తిరుగుతూ కొంచెం కొంచెంగా వదులుతాడు. అతని గీత నిట్టనిలువుగా లేచి ఏటవాలుగా దిగుతుంది. కొత్తవాడి గీత తటపటాయిస్తూ లేస్తుంది, లేదా చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఆ ఒక్కసారిగా వదలడంతో కారు ముందు భాగం పైకి లేచి ముందు టైర్లు పట్టు తప్పుతాయి. డ్రైవరు మాత్రం కారు సరిగా తిరగడం లేదని ఫిర్యాదు చేస్తాడు.

తర్వాతిది యాక్సిలరేటర్ గీత. మలుపు మధ్యలో ఒకసారి తొక్కి, భయపడి వదిలి, మళ్లీ తొక్కినట్టు కనిపిస్తే ఆ డ్రైవరు మలుపులోకి అవసరమైనదానికన్నా వేగంగానో తప్పు దారిలోనో వచ్చాడన్నమాట. ఎంత ముందు తొక్కాడు అన్నదానికంటే తొక్కాక మళ్లీ వదలకుండా ఉన్నాడా అన్నది ముఖ్యం. స్టీరింగ్ గీతలో చిన్న చిన్న దిద్దుబాట్లు ఎక్కువగా ఉంటే చూసేవారికి అది సాహసంలా ఉంటుంది. టైర్లకు మాత్రం అరుగుదల. టీవీలో కారు అటూ ఇటూ జారుతూ వెళ్లే కుర్రాడిని చూసి జనం చప్పట్లు కొడతారు. చడీచప్పుడు లేకుండా వెళ్లినవాడు సెకనులో మూడు పదో వంతులు ముందుంటాడు.

టైరు దగ్గర ఇంకో పరీక్ష ఉంది. ఫార్ములా 2 టైర్లను త్వరగా అరిగేలాగే తయారు చేస్తారు. కొత్త టైర్లతో ఒక్క ల్యాప్ వేగంగా తిరగడం ఒక విద్య, అరిగిన టైర్లతో ఇరవయ్యో ల్యాప్‌నూ దాదాపు అదే వేగంతో తిరగడం వేరే విద్య. మొదటిది పుట్టుకతో వచ్చే గుణానికి దగ్గర. రెండోది నేర్పగలిగింది. కాబట్టి పదహారేళ్ల కుర్రాడిలో మొదటిది ఉండి రెండోది లేకపోతే అగ్ర జట్టు కంగారుపడదు. రెండోది మాత్రమే ఉంటే ఆసక్తి చూపదు. ఆ వరుస తలకిందులుగా అనిపించినా, వేగంగా ఉన్నవాణ్ని నిలకడగా చేయడం సాధ్యం గానీ నిదానస్తుణ్ని వేగంగా చేయడం దాదాపు అసాధ్యమని ఈ రంగంలో గట్టి నమ్మకం. పొరపాట్ల విషయంలోనూ అంతే. తొలి ఏడాది కారు గోడకు కొట్టినవాణ్ని క్షమిస్తారు, అదే మలుపులో అదే తప్పు రెండోసారి చేసినవాణ్ని క్షమించరు.

నేర్చుకునే వేగం చూడటానికి ఫార్ములా 2 వారాంతం తనంతట తానే పరీక్షగా ఉంటుంది. సాధనకు 45 నిమిషాలు ఇస్తారు, ఆ తర్వాత అరగంట క్వాలిఫైయింగ్. కొత్త ట్రాక్ మీద ఆ 45 నిమిషాల్లో ఎంత సమయం తగ్గించుకున్నాడు, ఇంజనీరు ఒక మలుపు గురించి ఒకసారి చెబితే తర్వాతి ల్యాప్‌లో గీత మారిందా లేదా? వాన కూడా ఇలాంటి పరీక్షే. తడి ట్రాక్ మీద ఎప్పుడూ వెళ్లే దారి జారుడుగా ఉంటుంది, పట్టు ఎక్కడుందో ప్రతి ల్యాప్‌కూ వెతుక్కోవాలి. కారు బలం అక్కడ కొంత పక్కకు తప్పుకుంటుంది.

ఇక మాట. కారు ఎలా ఉందని అడిగితే బాగాలేదు అనేవాడు ఒకడు. మూడో మలుపు మధ్యలో వెనక భాగం తేలికవుతోంది, బయటికొచ్చేటప్పుడు బాగానే ఉంది అనేవాడు ఇంకొకడు. రెండోవాడితో ఇంజనీరు పని సగం తగ్గుతుంది. ఇంకా గొప్పవారు రేసు మధ్యలో రేడియోలో మాట్లాడుతూ, పెద్ద తెరల మీద ఇతర కార్లను చూసి వ్యూహం గురించి అడుగుతారు. నడపడానికి మెదడు మొత్తం ఖర్చు కావడం లేదని, ఇంకా మిగులు ఉందని అది చూపుతుంది. శరీర దార్ఢ్యం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు తల బరువు ఐదు రెట్లవుతుంది, మెడ దాన్ని గంటన్నరసేపు మోయాలి. అది వ్యాయామంతో వచ్చేదే కాబట్టి ఎంపికలో దానికి చివరి చోటు.

ఆదోని నుంచి దారి

తెలుగు నేల మీద ఈ లెక్కలన్నీ చాలాకాలం పేపర్లో చదువుకునేవే. హైదరాబాద్‌కు చెందిన అనిందిత్ రెడ్డి 2016, 2017లలో జేకే టైర్ జాతీయ రేసింగ్ చాంపియన్‌షిప్‌లో యూరో జేకే విభాగం గెలిచి తెలుగువారిలో ఆ స్థాయికి చేరిన డ్రైవరుగా గుర్తింపు పొందాడు. జాతీయ టైటిల్ గొప్పదే, కానీ అది ప్రపంచ కొలత కాదు. పోటీపడేవారు తక్కువమంది అయినప్పుడు వారిలో మొదటివాడు యూరప్‌లో ఎక్కడుంటాడో పట్టికనుబట్టి చెప్పలేం.

2022లో ఇండియన్ రేసింగ్ లీగ్ మొదలై హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన వీధుల్లో కార్లు పరిగెత్తినప్పుడు ఈ ఇబ్బంది కొంత తీరింది. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో అనిందిత్‌తో పాటు స్విట్జర్లాండ్‌కు చెందిన నీల్ జానీ ఉన్నాడు. 2016లో పోర్షే కారుతో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన ముగ్గురిలో అతనొకడు. అంటే కొలత తెలిసిన మనిషే స్వయంగా మన ఊరికి వచ్చినట్టు. సినిమా నటుడు నాగచైతన్య 2024లో ఈ జట్టుకు యజమాని కావడంతో పేపర్లలో దాని పేరు బాగా కనబడింది గానీ, జానీ లాంటి డ్రైవరు పక్కన మనవాళ్లు నడపడమే ఆ లీగ్‌లో అసలైన లాభం. 2023 ఫిబ్రవరి 11న ఇదే హుస్సేన్‌సాగర్ తీరంలో ఫార్ములా ఇ రేసు జరిగింది, ఫ్రాన్స్‌కు చెందిన జ్యాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 పోటీ రద్దయింది.

ఆదోని పత్తి మార్కెట్టులోనో ఎమ్మిగనూరు మగ్గాల వీధుల్లోనో పెరిగే పిల్లకు లేదా పిల్లవాడికి హైదరాబాద్ అయినా బెంగళూరు అయినా వందల కిలోమీటర్ల దూరం. జాతీయ స్థాయి రేసులు జరిగేది ఇంకా దూరాన, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనో కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలోనో. బైపాసు మీద బైకు గంటకు వంద దాటించడం చూసి మావాడికి రేసింగ్ రక్తం ఉందనుకునే తల్లిదండ్రులు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. నేరుగా ఉన్న రోడ్డు మీద వేగం ఇంజనుది. డ్రైవరుది మలుపుకు ముందు మొదలవుతుంది.

పరీక్ష అద్దె కార్టు ట్రాక్ దగ్గర మొదలుపెట్టవచ్చు, కొన్ని జాగ్రత్తలతో. అద్దె కార్టులు ఒకదానితో ఒకటి సమానంగా ఉండవు. బరువు తక్కువున్న పిల్లవాడు సహజంగానే వేగంగా వెళతాడు. ఎండ కాసేపు ట్రాక్ ఒకలా ఉంటుంది, సాయంత్రం ఒకలా. కాబట్టి ట్రాక్ రికార్డుతో పోల్చి సంబరపడటమూ నిరాశపడటమూ అనవసరం. అదే రోజు, కార్టులు మార్చుకుంటూ, దాదాపు అంతే బరువున్న పిల్లలతో నడిపించి రాసుకున్న అంకెలకు విలువ ఉంటుంది. అన్నిటికన్నా బాగా మాట్లాడేవి వరుసగా పది ల్యాపుల టైములు. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉండి, ఆట సాగేకొద్దీ కొంచెం కొంచెం తగ్గుతుంటే ఆ పిల్లవాడు ఏదో గమనిస్తున్నాడని అర్థం. ఒకటి అద్భుతంగా, తర్వాతిది దారుణంగా ఉంటే అదృష్టం కూడా అతనితోపాటు కూర్చుని నడుపుతోందన్నమాట.

ఆ తర్వాతి మెట్టు రోటాక్స్ మ్యాక్స్ కార్టింగ్. ఇంజన్లను సీలు వేసి ఇస్తారు, తెరిచి మార్చుకోవడానికి వీల్లేదు. వయసునుబట్టి మైక్రో, మినీ, జూనియర్, సీనియర్ విభాగాలు ఉంటాయి. జాతీయ పోటీల్లో నెగ్గినవారు వెళ్లే ప్రపంచ ఫైనల్లో నిర్వాహకులే కార్టులు ఇచ్చి, ఎవరికి ఏది అన్నది లాటరీ తీస్తారు. ఏ దేశపు పిల్లవాడైనా ఒకే గీత మీద నిలబడే చోటు అది. అక్కడ మొదటి పదిలో వచ్చిన పన్నెండేళ్లవాడి గురించి యూరప్ జట్లు వివరాలు అడుగుతాయి. అక్కడి నుంచి డబ్బు మాట మొదలవుతుంది. 2023లో మన దేశంలో ఫార్ములా 4 పోటీలు మొదలు కావడంతో ఒక మెట్టు చవకైంది గానీ, యూరప్‌లో ఒక్క సీజన్‌కు ఇప్పటికీ కోట్ల రూపాయలు కావాలి. ఏ కుటుంబమైనా ఆ దశలో అకాడమీ సాయం లేకుండా ముందుకెళ్లడం కష్టం. హామిల్టన్‌ను 13 ఏళ్ల వయసులో, 1998లో, మెక్‌లారెన్ చేరదీసింది. 2011లో ఫోర్స్ ఇండియా జట్టు దేశమంతా వెతికి అర్జున్ మైని, దారూవాలా, తరుణ్ రెడ్డి అనే ముగ్గురు కుర్రాళ్లను ఎంచి ఇంగ్లండ్‌లో కార్టింగ్ శిక్షణకు పంపింది. అలాంటి వెతుకులాట ఏటా జరిగేది కాదు.

ట్రాకుకు దూరంగా ఉన్న ఊళ్లకు ఈమధ్య దొరికిన దారి సిమ్యులేటర్. స్టీరింగ్, పెడల్స్ అమర్చుకుని కంప్యూటర్‌లో నడిపే రేసింగ్‌లో అందరికీ ఒకటే కారు, ఒకటే ట్రాక్, ఒకటే వాతావరణం. ఎమ్మిగనూరులో కూర్చున్న పిల్లవాడి ల్యాప్ టైము వెంటనే ప్రపంచ పట్టికలో చేరుతుంది, బ్రేకు గీత కూడా దొరుకుతుంది. అందులోంచి నిజమైన రేసర్లు వచ్చారు. వేల్స్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో గ్రాన్ టురిస్మో ఆట ద్వారా నిస్సాన్ నడిపిన ఎంపికలో గెలిచాడు. రెండేళ్లకే లె మాన్స్‌లో తన విభాగంలో మూడో స్థానం సాధించాడు. సిమ్యులేటర్ చూపలేనివీ ఉన్నాయి. శరీరం మీద పడే బరువు అక్కడ ఉండదు, టైరు జారడం నడుముకు తెలియదు, గోడకు కొడితే ఎముక విరగదు. కాబట్టి అక్కడ నిదానంగా ఉన్నవాణ్ని పక్కనపెట్టవచ్చు గానీ, అక్కడ వేగంగా ఉన్నవాణ్ని ఒకసారి నిజమైన కార్టులో చూడకుండా నమ్మకూడదు.

తీర్పుకు గడువు కూడా ఉంది. పదిహేనేళ్లకు ఫార్ములా 4లో ముందువరుసలో లేనివారికి, ఫార్ములా 2 రెండో ఏడాది నాటికి టైటిల్ పోటీలో లేనివారికి ఫార్ములా వన్ అగ్ర జట్ల తలుపు దాదాపు మూసుకుంటుంది. అక్కడితో డ్రైవరు జీవితం ఆగదు. దారూవాలా 2024 సీజన్‌లో ఫార్ములా ఇలో మసెరాటీ కారు నడిపాడు. అర్జున్ మైని జర్మనీలో డీటీఎమ్ పోటీలకు వెళ్లాడు. 24 గంటల రేసుల్లో ముగ్గురో నలుగురో డ్రైవర్లు ఒకే కారు పంచుకుంటారు. అక్కడ జట్లు ఒక్క ల్యాప్ మెరుపు కోసం వెతకవు. చీకట్లో, వానలో, ఇతరుల కొలతలకు అమర్చిన సీటులో కూర్చుని, కారుకు గీత పడకుండా మూడు గంటలు ఒకే వేగంతో తిప్పి అప్పగించేవాడు కావాలి వాళ్లకు. ఫార్ములా వన్ ఎంపికలో రెండో వరుసకు నెట్టిన నిలకడకు అక్కడ మొదటి మార్కులు పడతాయి.